ఎడ్డీ గెరెరో

ఎడ్డీ గెరెరో (అక్టోబరు 9, 1967 - నవంబరు 13, 2005) అమెరికాకు చెందిన ప్రొఫెషనల్ రెజ్లర్. టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో, మెక్సికన్ మూలాలు గల మల్లయోధుల కుటుంబంలో జన్మించాడు. ఈ పోటీలలో ఫలితం ముందే నిర్ణయమైనా, తగిలే దెబ్బలు నిజమైనవే. 1999లో జరిగిన కారు ప్రమాదం తరువాత నొప్పి నివారణ మాత్రలకు బానిసయ్యాడు. మద్యం కూడా తోడై 2001లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థలో స్థానం కోల్పోయాడు. వ్యసనాలను విడిచి తిరిగివచ్చి, 2004 ఫిబ్రవరి 15న బ్రాక్ లెస్నర్‌ను ఓడించి ఆ సంస్థకు (అప్పటికి డబ్ల్యు.డబ్ల్యు.ఇ.) ఛాంపియన్ అయ్యాడు.

మరుసటి సంవత్సరం మినియాపోలిస్ నగరంలోని ఒక హోటలులో, 38 ఏళ్ళ వయసులో మరణించాడు. గుండె రక్తనాళాల వ్యాధి కారణమని శవపరీక్షలో తేలింది. వ్యసనాలు మానిన నాలుగేళ్ళకు వచ్చిన మరణమిది. 2006 ఫిబ్రవరిలో సంస్థ మాదకద్రవ్య, హృద్రోగ పరీక్షలను ప్రవేశపెట్టింది. అయితే మల్లయోధులను ఉద్యోగులుగా గాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే పరిగణిస్తూ వచ్చినందున, ఆరోగ్య బీమా భారం వారిపైనే మిగిలింది.