రెండవ ప్రతి – రోజువారీ లెక్క

1922 డిసెంబరులో పారిస్ నగరంలోని గార్ ద లియోన్ రైల్వేస్టేషన్‌లో ఒక పెట్టె పోయింది. ఆ పెట్టెను వెంట తెచ్చుకొన్నది ఎర్నెస్ట్ హెమింగ్వే భార్య హాడ్లీ. అప్పటికి హెమింగ్వే ఇరవైమూడేళ్ళ యువకుడు. పత్రికా విలేకరిగా స్విట్జర్లాండులోని లొసాన్ నగరానికి వెళ్ళి, అక్కడి శాంతి సమావేశపు వార్తలు పంపుతున్నాడు. భర్త అక్కడ తన రచనలను చూసుకొంటాడన్న సదుద్దేశంతో ఆమె ఇంట్లో ఉన్న కథల వ్రాతప్రతులను, ఒక నవల ప్రారంభ భాగంతో సహా, పెట్టెలో సర్దుకొని బయలుదేరింది. కాసేపు దృష్టి మరలేసరికి పెట్టె మాయమైంది. దానిని ఎవరు దొంగిలించారో, ఆ కాగితాలు ఏమైనాయో ఈనాటికీ తెలియదు.

ఈ వృత్తాంతంలో దొంగతనం కంటె విచారకరమైన విషయం వేరొకటి ఉన్నది. టైపు చేసిన ఆ కాగితాలకు కార్బన్ నకళ్ళు ఉన్నాయి. హాడ్లీ వాటిని కూడా అదే పెట్టెలో పెట్టింది. నష్టం నుండి తప్పించుకొన్న కథలు ముఖ్యంగా రెండు. ఒకటి సంపాదకుని పరిశీలనకై తపాలాలో వెళ్ళి ఉన్నది. మరొకటి ఇంట్లో వేరొక సొరుగులో పడి ఉన్నది. మూలానికి దూరంగా ఉన్నవే దక్కాయి. దగ్గరగా ఉన్న నకళ్ళు, నకళ్ళై ఉండి కూడా, మూలంతోపాటే పోయాయి.

కార్లైల్ కథ ఇంతకంటె కఠినమైనది. ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటపు వ్రాతప్రతిని ఆయన మిత్రుడు జాన్ స్టువర్ట్ మిల్‌కు చదవడానికి ఇచ్చాడు. 1835లో అది మిల్ అధీనంలో ఉండగా, పనిమనిషి చిత్తు కాగితాలనుకొని నిప్పుకు ఆహుతి చేసిందట. రెండవ ప్రతి లేదు. కార్లైల్ ఆ సంపుటాన్ని మళ్ళీ మొదటి నుండి వ్రాశాడు. 1837లో గ్రంథం వెలువడింది. అంతటి ధైర్యం అందరికీ ఉండదు; ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇటువంటి నష్టాలు కొత్త కావు. తిక్కన విజయసేనము, ఎఱ్ఱన రామాయణము, శ్రీనాథుని మరుత్తరాట్చరిత్ర – ఇవన్నీ ఈనాడు పేర్లుగానే మిగిలాయి. పోతన భాగవతంలో కొన్ని స్కంధాలు గంగన, సింగన, నారయల పేర్లతో కనిపించడానికి మూలప్రతి శిథిలమవడమే కారణమని సంప్రదాయజ్ఞుల మాట. తాటాకు మన్నికకు ఒక హద్దు ఉన్నది. చెద, తేమ, నిప్పు దానికి సహజ శత్రువులు. అందువలన కావ్యం బ్రతకడమంటే ఒక ఆకు చిరకాలం నిలవడం కాదు. ఒక తరం వారు మరొక తరం వారికి నకలు వ్రాసి ఇవ్వడం. నకలు ఊరు దాటినప్పుడే కావ్యానికి ఆయుష్షు పెరిగింది. 19వ శతాబ్ది పూర్వార్ధంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను జీతమిచ్చి నియమించుకొని, ఒకే గ్రంథానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి సరిపోల్చగలిగాడంటే, ఆ ప్రతులు అప్పటికే పలు ఇళ్ళలో చెదరి ఉండడమే అందుకు కారణం. నన్నెచోడుని కుమారసంభవం తంజావూరు సరస్వతీమహల్‌లో నిలిచి ఉండబట్టే మానవల్లి రామకృష్ణకవి గారు 1909లో దానిని వెలుగులోకి తేగలిగారు.

ఈనాటి నవలాకారుడు తాటాకులు చీల్చడు, గంటం పట్టడు. కంప్యూటరు ముందు కూర్చుంటాడు. నవలా రచనకే ప్రత్యేకంగా తయారైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో 2007లో వెలువడిన స్క్రివెనర్ ప్రసిద్ధమైనది. అధ్యాయాలను, పాత్రల వివరాలను, సేకరించిన సమాచారాన్ని అది ఒకేచోట అమర్చి పెడుతుంది. రచయిత ఒకటి రెండు క్షణాలు మీటలు నొక్కడం ఆపితే, అంతవరకు వ్రాసినది తానే భద్రపరుస్తుంది. పని ముగించి మూసివేసే సమయంలో మొత్తం నవలకు విడిగా ఒక బ్యాకప్ తీసిపెడుతుంది. ఇంతటి విధేయుడైన లేఖకుడు పూర్వకవులెవరికీ దొరకలేదు.

అయితే రచయిత వేరొక చోటు చూపకపోతే, ఆ బ్యాకప్ చేరేది అదే కంప్యూటరులోని మరొక ఫోల్డరులోకి. హార్డ్ డిస్క్ చెడిపోయినా, ల్యాప్‌టాప్‌ను ఎవరైనా ఎత్తుకొనిపోయినా రెండూ కలిసే పోతాయి. అంటే కార్బన్ నకలు ఇంకా హాడ్లీ పెట్టెలోనే ఉన్నదన్నమాట.

మరొక భ్రమ క్లౌడ్‌కు సంబంధించినది. ఇంటర్‌నెట్ ద్వారా ఒక ఫోల్డరు అన్ని పరికరాలలోనూ ఒకే రీతిగా ఉండేటట్లు చూసే సింక్ సదుపాయాన్ని చాలామంది బ్యాకప్ అనుకొంటారు. ఇది పొరపాటు. సింక్ అద్దం వంటిది. ఇక్కడ ఒక అధ్యాయం పొరపాటున చెరిపివేస్తే అక్కడ కూడా అది చెరిగిపోతుంది. కొన్ని సేవలు పాత రూపాలను కొంతకాలం దాచి ఉంచే మాట నిజమే గాని, ఆ గడువు ముగిశాక గుర్తుకువస్తే ప్రయోజనం లేదు. పైగా స్క్రివెనర్‌లో నవల ఒకే ఫైలు కాదు; అనేక చిన్న ఫైళ్ళ సంపుటి. వాటిలో కొన్ని చేరి కొన్ని చేరకపోతే, నడుమ ఆకులు జారిపోయిన తాళపత్ర గ్రంథం వలె అది తెరుచుకొంటుంది, లేదా అసలే తెరుచుకోదు. అందుకే బ్యాకప్ తీసేటప్పుడు అన్నింటినీ జిప్ చేసి ఒక్కటిగా కట్టడం మేలు. పూర్వులు ఆకులకు రంధ్రం చేసి, దారం గుచ్చి, రెండు పలకల నడుమ బిగించి కట్టినది ఇందుకే.

పెన్‌డ్రైవులో ఒక ప్రతి, వేరొక ఇంట్లో ఒక ప్రతి, రచయిత తన ఈమెయిలుకు తానే పంపుకొన్న ప్రతి ఒకటి – వీటికయ్యే ఖర్చు స్వల్పం, పట్టే సమయం కొన్ని నిమిషాలు. ఫైలు పేరులో తేదీ వేస్తే ఏది ముందుదో ఏది వెనుకదో తెలుస్తుంది. దాచిన ప్రతిని అప్పుడప్పుడు తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నదో లేదో చెప్పలేము. ఈ విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన అనుభవం ఒకటి ఉన్నది. డి.టి.పి. వచ్చిన తరువాత ఎన్నో తెలుగు పుస్తకాలు ఆయా సంస్థల సొంత ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే, ఫైలు చెక్కుచెదరకుండా ఉండి కూడా అర్థంలేని గుర్తులే కనబడతాయి. 1991 నాటి యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు స్థానం లభించినా, దానిని వాడుకలోకి తెచ్చుకోవడంలో జరిగిన జాప్యానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. ఎదుటనే ఉండి చదవరాని పుస్తకం కంటె దయనీయమైనది లేదు.

ఇక లెక్క విషయం. వ్రాసిన మాటలు లెక్కించుకోవడం గుమాస్తా పని అనీ, సరస్వతీ కటాక్షానికి కొలతలేమిటనీ ఆక్షేపించేవారు ఉన్నారు. ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, ఉదయం అయిదున్నరకు వ్రాతబల్ల వద్ద చేరి, ఎదుట గడియారం పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసేవాడు. ఈ సంగతి ఆయన మరణానంతరం 1883లో వెలువడిన ఆత్మకథ ద్వారా లోకానికి తెలిసినప్పుడు కొందరు విమర్శకులు ముఖం చిట్లించారు. కాని ఆయన నలభైయేడు నవలలు వ్రాశాడు. వాటిలో కొన్ని నేటికీ పాఠకులను అలరిస్తున్నాయి. హెమింగ్వే కూడా, తరువాతి కాలంలో, ఏ రోజు ఎన్ని మాటలు వ్రాసినదీ గోడమీది పట్టికలో వేసుకొనేవాడు. ఒక రోజు 450, మరొక రోజు 1,250. తనను తాను మోసగించుకోకుండా ఉండడానికే ఆ పట్టిక అని చెప్పుకొన్నాడు.

మన పూర్వులూ లెక్క వేశారు. అనుష్టుప్ శ్లోకానికి 32 అక్షరాలు. గద్యమైనా సరే, 32 అక్షరాల మానంతో కొలిచి, ఆ మానాన్ని 'గ్రంథం' అని వ్యవహరించారు. ప్రతి చివర గ్రంథసంఖ్య వేయడం ఒక ఆచారం. లేఖకుని ప్రతిఫలానికి అది ఆధారమైంది.

అక్షరాన్ని లెక్కించడంలో ఉన్న వివేకం తెలుగులో వ్రాసేవారికి వెంటనే బోధపడుతుంది. కంప్యూటరు పదాలను ఖాళీలను బట్టి లెక్కిస్తుంది. 'వెళ్ళిపోవలసివచ్చిందని' అన్నది దానికి ఒక్క పదం. ఇంగ్లీషులో ఆ భావానికి అయిదారు మాటలు కావాలి. అదే పదాన్ని విడదీసి వ్రాస్తే సంఖ్య పెరుగుతుంది, కథ మాత్రం అంగుళం కదలదు. 1999లో అమెరికాలో మొదలైన నేషనల్ నావెల్ రైటింగ్ మంత్ అనే ఉద్యమం నవంబరు నెలలో 50,000 మాటల నవల వ్రాయాలని లక్ష్యం పెట్టింది. రోజుకు 1,667 మాటలు. ఆ సంస్థ 2025లో మూతపడుతున్నట్లు ప్రకటించినా ఆ సంఖ్య రచయితల మనస్సుల్లో నిలిచిపోయింది. దానిని యథాతథంగా నెత్తికెత్తుకొన్న తెలుగు యువ రచయిత, తెలియకుండానే, ఇంగ్లీషు రచయిత కంటె పెద్ద నవలను తలపెట్టినట్లే. సరే, అక్షరాలనే లెక్కిద్దామంటే అక్కడా చిక్కు ఉన్నది. 'స్త్రీ' మన చెవికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. కనుక ఆ సంఖ్యను ఇతరులతో పోల్చుకోవడం వ్యర్థం. నిన్నటి తన సంఖ్యతో పోల్చుకొంటే చాలు. వాక్యం బరువును అది తూచలేదు. ఒక పేజీ కొట్టివేసి నవలను బాగుపరచుకొన్న రోజున అది అన్యాయంగా తరుగు చూపుతుంది. ఆ తరుగును సంతోషంగా వ్రాసుకోగలవాడే రచయిత.

గ్రంథసంఖ్యకు మరొక ఉపయోగం ఉండేది. ఆకులు లెక్కకు సరిపోయినా, చివరి సంఖ్యతో సరిచూసినప్పుడు ఎక్కడో కొంత భాగం జారిపోయిందని తరువాతి లేఖకునికి తెలిసేది. సాఫ్ట్‌వేర్ అడుగున కనిపించే సంఖ్య కూడా అటువంటి కావలివాడే. నిన్న రాత్రి పుస్తకం మూసేటప్పుడు 41,300 అని డైరీలో వ్రాసుకొన్న విద్యార్థి, ఈ ఉదయం 38,900 చూశాడంటే, ఏదో ఒక అధ్యాయం ఎక్కడో జారిందని అర్థం. సంఖ్య వ్రాసుకోనివాడికి ఆ లోపం నెలల తరువాత, ప్రచురణకు పంపేముందు, పాత్ర ఒకటి చెప్పకుండా మాయమైనప్పుడు గాని తెలియదు. వ్రాసుకొన్నవాడు వెంటనే వేరొక ఇంట్లో దాచిన నిన్నటి ప్రతికై ఫోను చేస్తాడు.