చెప్పేవాళ్లుంటే అడుగుతామా?

సంపాదకులకు,

జులై 1న మీ డాక్టర్స్ డే పేజీలో, రోగులు గూగుల్‌లో చదివొచ్చి ప్రశ్నలతో విసిగిస్తున్నారని ఒక పెద్ద డాక్టరుగారు వాపోతే, ఎదురు ప్రశ్న లేకుండా అచ్చేశారు. చదివిన దగ్గర్నుంచీ ఒళ్లు మండిపోతోంది. నోరు విప్పి చెప్పే డాక్టరుంటే మేం ఫోనులో వెతుక్కుంటామా?

మొన్న వేసవిలో మా ఆవిడకు ఆయాసమొస్తే గుంటూరులో ఒక కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు తలెత్తకుండానే ఎకో, సీటీ, రక్తపరీక్షలు కంప్యూటర్లో కొట్టేశారు. మెట్లెక్కితే వస్తోందా, పడుకుంటే వస్తోందా అని అడగలేదు. స్టెతస్కోపు మెడలోంచి దిగలేదు. వార్డులో ఏం జబ్బని అడిగితే రిపోర్టులు రానివ్వమన్నారు. వచ్చాక, సార్ చెబుతారన్నారు. ఆ సారు మంచం చివర నిలబడి నర్సుతో ఇంగ్లిషులో రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయారు. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. నేనేం చెప్పను? ప్యాకేజీ గురించి మాత్రం ఒకమ్మాయి వచ్చి కూర్చుని, తెలుగులో, ఓపిగ్గా చెప్పింది. ఇంకో డాక్టరుకి చూపిద్దామని కేస్ షీట్ నకలు అడిగితే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదన్నారు. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో ఉంది. ఆ మాటంటే, "మీరేమన్నా లాయరా?" అని కసిరారు.

ఇలాంటి కోపంతో డాక్టర్ల మీద చెయ్యి చేసుకోవడం ముమ్మాటికీ తప్పు. లక్షలు పోసి పీజీ చేసినవాళ్ల మీద అప్పుల బరువుందనీ, యాజమాన్యాల ఒత్తిడి ఉందనీ తెలుసు. కానీ రోగికి జబ్బేమిటో చెప్పొద్దని ఏ యాజమాన్యమూ నోరు కుట్టెయ్యలేదే!

మందుల సంగతీ అంతే. జనరిక్ పేర్లు చదవగలిగేలా రాయాలని 2016లో అదే నియమావళిని సవరించారు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టిగా నియమాలు తెస్తే, జనరిక్ మందుల నాణ్యతకు హామీ ఏదని డాక్టర్ల సంఘం ఐఎంఏ అడ్డుపడింది. ఆ నెలలోనే ఆ నియమాలను పక్కన పెట్టేశారు. నాణ్యత మీద అనుమానముంటే తనిఖీల కోసం పోరాడాలి గానీ, చీటీ మీద బ్రాండు పేరు కోసం కాదు.

మీ పత్రికనూ అడగాలి. డాక్టర్స్ డే రోజునే మొదటి పేజీ నిండా ఆసుపత్రి ప్రకటన వేశారు. 2002 నాటి ఆ నియమావళిలో రోగికి పనికొచ్చే నిబంధనలను తెలుగులో ఒక్క పేజీ వేయండి. కేస్ షీట్ అడిగేవాళ్లు ఆ పేజీని కత్తిరించి వెంట తీసుకెళ్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి