ఒక్క ఆటతో ఇంటికి పంపొద్దు



ఫుట్‌బాల్ పోటీలకు వెళ్తే చదువు పోతుందని కొందరంటారు. ధైర్యం వస్తుందని కొందరంటారు. ధైర్యం వచ్చే మాట నిజమే. కానీ ఆడనిస్తేనే కదా వచ్చేది! మన పోటీలు నాకౌట్ పద్ధతిలో పెడుతున్నారు. ఒక్కసారి ఓడితే పెట్టె సర్దుకోవాల్సిందే. ఎనిమిది జట్లు వస్తే నాలుగు జట్లు మొదటి ఆటతోనే ఇంటికి.

పోయిన ఏడాది మేం నెల రోజులు తెల్లారకముందే లేచి ప్రాక్టీసు చేశాం. అక్కడ నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. మధ్యాహ్నం అన్నం తిని జీపెక్కాం. అవతలివాళ్లు బంతి ఎలా అందించుకుంటున్నారో మాకు రెండో సగంలోనే అర్థమైంది. అది ఆడి చూసుకోడానికి ఇంకో ఆట లేదు. తిరిగొచ్చాక ఐదుగురు గ్రౌండుకు రావడమే మానేశారు.

2022లో 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. మన జట్టు కెప్టెన్ అష్టమ్ ఒరాన్, జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. భువనేశ్వర్‌లో మొదటి ఆట అమెరికా చేతిలో 8-0తో ఓడారు. నాకౌట్ అయితే అంతటితో సరి. కానీ అక్కడ గ్రూపుకు నాలుగు జట్లు, ప్రతి జట్టుకూ మూడు ఆటలు. తర్వాత మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0. మూడూ ఓడారు, నిజమే. అయినా మూడు దేశాలతో ఆడారు. ఆ అనుభవం ఎవరూ లాక్కోలేరు.

మనమూ ఎనిమిది జట్లను రెండు గ్రూపులు చేయొచ్చు. పన్నెండు ఆటలు, ఒక ఫైనల్. ఆట అరగంట పెడితే రెండు రోజులు చాలు. అలసిపోతారంటారా? మూడు ఆటలు కలిపినా 90 నిమిషాలే. పెద్దవాళ్లు ఒక్క ఆటే అంతసేపు ఆడతారు.

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. ఇంట్లో కోయ మాట్లాడతాం. మొదటి రోజు టీచరు అడిగింది ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమీ రాదని ఆ సాయంత్రమే పంపేసుంటే ఇవాళ ఈ గోడ మీద రాసేదాన్నా? మర్నాడూ కూర్చోనిచ్చారు కాబట్టే వచ్చింది. ఆట కూడా అంతే.

కాబట్టి ఈసారి పోటీల మీటింగుకు వెళ్లినప్పుడు మేడం గారు ఈ మాట అడగాలని కోరుతున్నాను. గ్రౌండు మానేసిన ఐదుగురూ రేపటి నుంచి రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని