21 డిగ్రీల రూమ్‌లో పాసైన చిన్న కేస్, సికింద్రాబాద్ మే నెలలో పాసవుతుందా?

పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి మినీ ఐటీఎక్స్ కేస్ అడిగి చూడండి. "చిన్నదెందుకు తమ్ముడూ, హీటెక్కుద్ది, పెద్దది తీస్కో" అనే మాట ఏదో ఒక కౌంటర్‌లో వినిపిస్తుంది. యూట్యూబ్ చూసి వెళ్లిన మనకి ఆయన పాతకాలం మనిషిలా కనిపిస్తాడు. నా లెక్కలో ఆయన సగం కరెక్ట్. మిగతా సగం తేల్చాల్సింది రివ్యూయర్లు. వాళ్లేమో తేల్చట్లేదు.

ముందు వేడి సంగతి. పేరున్న విదేశీ రివ్యూల్లో చాలావరకు టెస్ట్ జరిగేది 20-25 డిగ్రీల మధ్య ఉంచిన గదిలో. మన దగ్గర మే నెలలో బయట 40 దాటే రోజులుంటాయి. ఏసీ లేని పై అంతస్తు రూమ్‌లో మధ్యాహ్నం 36 ఉందనుకోండి. ఫ్యాన్ స్పీడ్, పవర్ మారకపోతే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఉదాహరణకి 21 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 78 చూపించిందంటే, తేడా 57. దాన్ని 36కి కలపండి, 93. రైజెన్ 7000 సిరీస్‌లో చాలా చిప్‌లకి లిమిట్ 95. అంటే రివ్యూలో "సూపర్ కూల్" అనిపించుకున్న కేస్ ఇక్కడ అంచు మీద నడుస్తుంది. చిప్ కాలిపోదు, భయపడొద్దు. క్లాక్ స్పీడ్ తగ్గించుకుని బతికేస్తుంది. కానీ మీరు డబ్బు పెట్టింది ఆ స్పీడ్ కోసమే కదా!

అందుకే రివ్యూలో ఉత్త టెంపరేచర్ నాకు అనవసరం. గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువో చెప్పాలి. అది చెప్తే మిగతా కూడిక మనం చేసుకుంటాం.

సౌండ్ విషయంలో ఇంకా గందరగోళం. ఒకరు మైక్ అర మీటర్ దూరంలో పెడతారు, ఇంకొకరు మీటర్. ఖాళీ చోట దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి ఆ రెండు నంబర్లనీ పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. పైగా పెద్ద టవర్ టేబుల్ కింద ఉంటుంది. చిన్న కేస్ ముద్దుగా ఉందని టేబుల్ మీదే, చెవి పక్కనే పెడతాం. అదే ఫ్యాన్, అదే స్పీడ్ అయినా మనకి ఎక్కువ వినిపిస్తుంది.

ఇంకో తమాషా ఉంది. ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంటే పీసీ సౌండ్ దాదాపు అందులో కలిసిపోతుంది. డిసెంబర్ రాత్రి ఫ్యాన్ ఆపేశాక, పక్కన తమ్ముడు నిద్రపోతుంటే, అప్పుడు తెలుస్తుంది అసలు రంగు. కాబట్టి మన ఊరికి వేడి టెస్ట్ మేలో, సౌండ్ టెస్ట్ చలికాలం రాత్రి చెయ్యాలి. ఒకే రోజు రెండూ కొలిచి ఒక స్కోర్ ఇచ్చేస్తే ఎవరికి ఉపయోగం? చిన్న 40 ఎంఎం ఫ్యాన్లు దోమలా చేసే కీచు శబ్దం డెసిబెల్ మీటర్‌లో తక్కువే చూపించినా బుర్ర తినేస్తుంది. సౌండ్ క్లిప్ పెట్టకుండా ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అలాగని చిన్న కేస్ వద్దని నేను అనను. 18 లీటర్ల కూలర్ మాస్టర్ ఎన్ఆర్200పీ లాంటిదాన్నే తీసుకోండి. బాక్స్‌లో గ్లాస్ ప్యానెల్, రంధ్రాలున్న స్టీల్ ప్యానెల్ రెండూ వస్తాయి. ఇన్‌స్టా ఫొటోకి గ్లాస్ పెట్టండి, ఫొటో అయ్యాక స్టీల్ బిగించండి. బయాస్‌లో ఈకో మోడ్ ఆన్ చేస్తే 7700ఎక్స్ లాంటి చిప్ పవర్ లిమిట్ 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. గేమింగ్‌లో నష్టం తక్కువ, వేడిలో లాభం ఎక్కువ. ఫ్యాన్ స్పీడ్ 20 శాతం తగ్గించగలిగితే సౌండ్ సుమారు 5 డెసిబెల్స్ పడిపోతుంది. రూపాయి ఖర్చు లేదు.

దుమ్ము గురించి ఎవరూ మాట్లాడరు. రివ్యూలన్నీ కొత్త ఫిల్టర్‌తో మొదటి వారంలోనే అయిపోతాయి. మెయిన్ రోడ్డు పక్క ఇంట్లో ఆ ఫిల్టర్ నెలకే బూడిద రంగు దుప్పటిలా తయారవుతుంది. మన సైట్‌లో వచ్చే కేస్ రివ్యూల్లో ఇకపై మూడు కావాలని నా డిమాండ్: ఏసీ ఆపేసి తీసిన రీడింగ్, టేబుల్ మీద చెవి దూరంలో రికార్డ్ చేసిన సౌండ్ క్లిప్, రెండు నెలల తర్వాత ఫిల్టర్ దులపకుండా మళ్లీ తీసిన రీడింగ్.