విషయం: వైద్యసేవ బకాయిలు తీర్చి, ఉద్దానం రోగులకు వైద్యం ఆగకుండా చూడాలని వినతి



ఆరోగ్యశ్రీ వైద్య పథకం ఎలా వచ్చిందో, దాని పేరు ఎన్‌టీఆర్ వైద్యసేవగా ఎన్నిసార్లు మారిందో అధికారులకు తెలియంది కాదు. 2007 ఏప్రిల్ 1న పథకం మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటన్న మాట మాత్రం గుర్తుచేయాలి. ఆ జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల గ్రామస్థులు అప్పటినుంచీ దీన్ని నమ్ముకునే ఉన్నారు.

వారి ప్రధాన బాధ ప్రభుత్వం ఆసుపత్రులకు చెల్లించాల్సిన బకాయిలు. పాత అర్జీల్లోనూ ఇదే ఉంది. ఎవరూ చదవలేదేమో అని మళ్లీ రాయాల్సి వస్తోంది. 2023 డిసెంబరులో వైద్య ఖర్చు పరిమితిని కుటుంబానికి రూ.25 లక్షలకు పెంచారు. ఊళ్లలో సంతోషించారు. సుమారు అయిదు నెలలకు, 2024 మే 22న, రూ.1,500 కోట్లకు పైగా రావాలంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. బాకీ తీరలేదు సరికదా, పెరిగింది. 2025 అక్టోబరు 10న మరోసారి సేవలు ఆపినప్పుడు ఆసుపత్రుల సంఘం చెప్పిన మొత్తం సుమారు రూ.2,700 కోట్లు. ఆ సమ్మె నెలాఖరుదాకా సాగింది.

విశాఖ నగరంలో ఉన్నవారికి ప్రైవేటు ఆసుపత్రి కాకపోతే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది. ఇచ్ఛాపురం దగ్గరి పల్లెవారికి అది 200 కిలోమీటర్ల పైమాట. స్టెంటు వేయడానికి తేదీ ఇచ్చాక, తోడుగా వచ్చే మనిషి కూలి మానుకుని బయల్దేరాక, గేటు దగ్గర “డబ్బు కట్టండి, లేదా ఆగండి” అంటే ఆ కుటుంబం ఏం చేయాలి? వడ్డీకి తెస్తుంది, లేదా రోగిని ఇంటికి తీసుకుపోతుంది. బిల్లులు నిలిచిపోతే పెద్ద ఆసుపత్రులు కొంతకాలం తట్టుకుంటాయి. జీతాలివ్వలేక ముందు చేతులెత్తేసేది చిన్న పట్టణాల నర్సింగ్ హోములే. పల్లెలకు దగ్గరగా ఉన్నవీ అవే.

సేవలు అందుతున్నప్పుడు కూడా దారిఖర్చులు, పథకంలోకి రాని పరీక్షల, మందుల ఖర్చులు రోగి జేబునుంచే పోతున్నాయి. ముందస్తు అనుమతి ఆలస్యమైతే ఎవరిని అడగాలో చెప్పేవారు లేరు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కిడ్నీ రోగులకు అది ఆధారమే, కానీ గుండె, క్యాన్సర్ రోగులకు ఇప్పటికీ దూరప్రయాణమే.

ఇక బీమా మాట. రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన రూ.25 లక్షల దాకా వైద్యసేవ ట్రస్టు భరించేలా 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించింది. రూ.2.5 లక్షల లోపు ఏ చికిత్సకు అనుమతివ్వాలో, దేనికి నిరాకరించాలో ఇక కంపెనీ చూస్తుందన్నమాట. కాదంటే అప్పీలు ఎక్కడ? కంపెనీ, ఆసుపత్రి గొడవపడితే మధ్యలో రోగి సంగతేమిటి? ఒప్పందం రాసేముందే ఇవి తేల్చాలి.

కాబట్టి బకాయిల చెల్లింపుకు గడువు తేదీలు ప్రకటించాలి. సేవలు ఆగిన రోజుల్లో రోగులను ప్రభుత్వ ఖర్చుతో వైద్యం దొరికేచోటికి చేర్చాలి. పథకం సొమ్ములో కొంతభాగం సోంపేట, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్పెషలిస్టుల నియామకానికి కేటాయించాలి. గతంలో ఇచ్చిన అర్జీలకు రసీదులు ఉన్నాయి, జవాబులు రాలేదు. ఈ అర్జీపై ఏ చర్య తీసుకున్నదీ రాతపూర్వకంగా, అధికారి సంతకంతో తెలియజేయాలని గ్రామస్థులు మరొక్కసారి కోరుతున్నారు.