ఆకలి తెచ్చే మందు

అమెరికన్ పాత్రికేయుడు జాన్ గంథర్ 1949లో వెలువరించిన ‘డెత్ బీ నాట్ ప్రౌడ్’ పుస్తకాన్ని నేను చాలామందికి సిఫారసు చేస్తూ ఉంటాను. మెదడులో కంతితో పదిహేను నెలలు పెనుగులాడి, 1947లో పదిహేడేళ్ళ వయస్సులో మరణించిన కొడుకు జానీ కథ అది. పుర్రెలోపల ఒత్తిడి పెరుగుతూ ఉంటే ఆ తండ్రి నిపుణుడి తరువాత నిపుణుడిని ఆశ్రయిస్తాడు. కఠినమైన పథ్యచికిత్సను కూడా విడిచిపెట్టడు. ఆ వాపును మాత్రతో అణచే మార్గం అప్పటికి లేదు.

డెక్సామెథసోన్ ఆ తరువాత వచ్చింది. కంతి చుట్టూ చేరే వాపును అది తగ్గిస్తుందని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు గాలిసిచ్, ఫ్రెంచ్ 1961లో ప్రకటించారు. మాట పడిపోయిన మనిషి రెండురోజులలో భార్యను పేరుపెట్టి పిలవడం నేను చూశాను. ఇన్నేళ్ళ వృత్తిలోనూ ఆ దృశ్యానికి అలవాటు పడలేదు.

అయినా, ఆ మందుతో జీవించడం ఎలా ఉంటుందో నేను చదివిన రోగకథనాలలో చాలవరకు కనపడదు. కత్తికీ స్కానుకూ అధ్యాయాలు దక్కుతాయి. మాత్రకు ఒక వాక్యం. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. శస్త్రచికిత్స ఒకనాటి పని. మాత్ర రోగితోపాటు ఇంటికి వచ్చి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు ఉంటుంది.

రోజుకు 16 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ సుమారు 400 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌తో సమానం. ఆరోగ్యవంతుని శరీరం రోజంతా తయారుచేసుకునే కార్టిసాల్‌కు అది ఇరవై రెట్ల పైమాట. ఆ ఉద్ధృతికి కాలేయం అదేపనిగా చక్కెర తయారుచేస్తుంది. దాని ముడిసరుకు కోసం కండరాలు కరుగుతాయి. ఇన్సులిన్ చెప్పిన మాట కణాలు వినవు. తొడల బలం తగ్గి కుర్చీలోనుంచి లేవడమే కష్టమవుతుంది. ఆకలి మాత్రం విపరీతం. “నాన్నగారికి నోటికి రుచి తెలుస్తోందండీ” అని ఇక్కడి తెలుగు కుటుంబాలు సంబరపడి, అడిగినంత అన్నం, ఆపైన మామిడిరసం పెడతారు. పెట్టేవారిని ఏమనగలం? పరగడుపున చూసిన షుగరు ఫరవాలేదనిపిస్తుంది. మధ్యాహ్న భోజనం తరువాత అదే 350 ఉండవచ్చు.

ఆపైన దాహం, మాటిమాటికీ మూత్రం, మగత, తికమక మాటలు. కంతి ముదిరిందని ఇంటిల్లిపాదీ ఆశ వదులుకుంటారు. వేలికొసన ఒక్క రక్తపుచుక్క చూస్తే తెలిసేది, ఇన్సులిన్‌తో సరిదిద్దగలిగేది, అంత్యదశగా పొరపడే ప్రమాదం ఉంది. నన్ను అన్నిటికంటె బాధపెట్టేది ఇదే.

ఆసుపత్రిలో నరానికి ఎక్కించే మానిటాల్‌కూ ఇబ్బందులున్నాయి. మెదడులోని నీటిని రక్తంలోకి లాగి మూత్రంగా పంపే క్రమంలో సోడియం, పొటాషియం తారుమారవుతాయి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అయితే అక్కడ కొన్ని గంటలకొకసారి రక్తపరీక్ష చూసేవారుంటారు. ఇంటిలోని మాత్రకు ఆ కాపలా లేదు.

దుష్ఫలితాల జాబితా చదివి, భయపడి, మాత్రను ఒక్కసారిగా మానిపించేవారూ ఉన్నారు. వారాల తరబడి ఈ మందు వాడిన శరీరంలో అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అణిగిన వాపూ తిరగబెట్టవచ్చు. డిశ్చార్జి కాగితంపై మోతాదు ఉంటుంది. ఏ తేదీన ఎంత తగ్గించాలి, షుగరు ఏ వేళ చూడాలి, ఎంత దాటితే ఫోను చేయాలి అన్న మూడు వరుసలు చాలా కాగితాలలో ఉండవు. అవి రాయించుకోనిదే ఆసుపత్రి గడప దాటవద్దని రోగి బంధువులకు చెబుతూ ఉంటాను.