కంటి డాక్టరు అడిగితే ఏం చెబుతారు?

విద్యార్థులారా! 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో 'కంటి వెలుగు' పథకం మొదలైనప్పుడు మొట్టమొదట పరీక్షించింది బడిపిల్లల కళ్ళనే. మీలో చాలామంది అప్పుడు చిన్న తరగతుల్లో ఉండి ఉంటారు. ఒక కన్ను మూసుకొని గోడమీది పటంలో అక్షరాలు చదవడం గుర్తుందా?

బడిలో ఇలాంటి పరీక్ష జరిగినప్పుడల్లా నేనొక విచిత్రం చూస్తుంటాను. వరుసలో వెనుక నిలబడ్డవాడు ముందువాడు చదివే అక్షరాలు వింటూ బట్టీపట్టేస్తాడు. తన వంతు రాగానే గడగడా అప్పగించేసి, కళ్ళజోడు తప్పిందని సంతోషంగా వెళ్ళిపోతాడు. తరగతిలో నల్లబల్ల మాత్రం వాడికి మసగ్గానే ఉంటుంది!

జవాబు రాకపోయినా ఏదో ఒకటి రాసి రావడం మన పరీక్షల అలవాటు. కంటి పరీక్షలో అది పనికిరాదు. అక్కడ "కనబడటం లేదండీ" అనేదే సరైన జవాబు. ఎందుకో చూడండి. ఆ అక్షరాల పటాన్ని 1862లో హాలెండు డాక్టరు హెర్మన్ స్నెల్లెన్ తయారుచేశాడు. మీ చీటీమీద 6/18 అని రాస్తే, మంచి చూపున్నవాడు 18 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరకొస్తేగాని చదవలేకపోతున్నారన్నమాట. జ్వరాన్ని థర్మామీటరు చూపిస్తుంది. ఇక్కడ థర్మామీటరు మీ నోటిమాటే. డాక్టరు కటకాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటే ఆ మాటే చెప్పండి. ఆయన విసుక్కుంటాడేమోనని తలూపితే ఆ తలూపుడే కళ్ళజోడై ముక్కుమీద కూర్చుంటుంది.

పిల్లల కంటిలో కటకం ఆకారాన్ని మార్చే కండరం మహా చురుకైనది. అది బిగుసుకుని లోపాన్ని దాచేస్తుంది. అందుకే చుక్కల మందు వేసి, దానికి విశ్రాంతినిచ్చి చూస్తారు. అప్పుడు కనుపాప పెద్దదవుతుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఇలా కొన్ని గంటలు, కొన్ని మందులతోనైతే కొన్ని రోజులు కూడా ఉంటుంది. కాబట్టి రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ వెళ్ళకండి. సైకిలు మీద అసలే వద్దు. మా పట్టిసీమలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గోదావరి ఇసుకమేటలు చూస్తే మామూలు కళ్ళే జిగేల్‌మంటాయి. విప్పారిన కనుపాపకు ఆ వెలుగు ఎలా ఉంటుందో ఊహించండి! గొడుగో టోపీయో దగ్గరుంచుకోండి.

ఇక అసలు సంగతి. నాయనమ్మనో అమ్మమ్మనో రాజమండ్రికో, 1993లో వెలసిన కాకినాడ శ్రీకిరణ్ ఆసుపత్రికో తీసుకెళ్ళే తోడు చాలా ఇళ్ళలో మీరే. అంతదూరం వెళ్ళి "కళ్ళు మసకలండీ" అని ఒక్క ముక్క చెప్పి వస్తే ఏం లాభం? ముందురోజు రాత్రే ఆమెను అడిగి ఓ కాగితం మీద రాయండి. షుగరు ఎన్నేళ్ళుగా ఉంది? ఏ మాత్రలు వాడుతోంది? ఇంట్లో ఎవరికైనా నీటికాసులు వచ్చాయా? పాత కళ్ళజోడు, పాత చీటీలు సంచిలో పెట్టండి. షుగరు రెటీనాను చూపు తగ్గకముందే దెబ్బతీయగలదు. అందుకే షుగరున్నవారు బాగానే కనబడుతున్నా ఏటా చూపించుకోవాలి.

పెద్దలు దాచే సంగతి ఒకటుంది. కంట్లో పోసుకున్న పసరు, మందులషాపులో అడిగి కొనుక్కున్న చుక్కలు. తిడతారని చెప్పరు. ఎర్రదనం తగ్గించే కొన్ని చుక్కల్లో స్టెరాయిడు ఉంటుంది. డాక్టరు చూడకుండా నెలల తరబడి వేసుకుంటే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. శుక్లమైతే ఆపరేషనుతో తీసేయవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం తిరిగిరాదు. అందుచేత ఆ సీసా కూడా పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. "వయసు మీదపడింది, పొర వచ్చింది" అని ఇంట్లోనే తేల్చేయకుండా, "ఇది శుక్లమేనా, ఇంకేమైనానా?" అని మీరే అడగండి. అడగడం అమర్యాద కాదని నా అభిప్రాయం.

మీ తమ్ముడికో చెల్లెలికో మెల్లకన్ను ఉందా? అదృష్టమని ఎవరన్నా నమ్మకండి. ఆ కంటిని మెదడు వాడటం మానేస్తే చూపు మందగిస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు వైద్యం బాగా పనిచేస్తుంది. నాయనమ్మతోపాటు వాళ్ళనూ అదే బస్సెక్కించండి.